మూడో బేసు దగ్గర రెండు గీతలు

నవంబర్ 18, మంగళవారం

చెయ్యి లేపాను. ఒకటి కాదు, రెండు చేతులూ. గొంతు చించుకుని అరిచాను కూడా — ఫౌల్!

నోరు మూసుకుని ఉంటే ఎంత బాగుండేది.

ఆడపిల్లల బేస్‌బాల్, జోనల్ సెమీఫైనల్. మా బడి గ్రౌండ్‌లోనే. మూడో బేసు దగ్గర అంపైర్‌ని నేను. చివరి ఇన్నింగ్స్, రెండు అవుట్లు పడ్డాయి, మూడోది పడితే ఆట అయిపోయినట్టే. భైంసా వైపు జట్టు ఒక్క పరుగు వెనక ఉంది. రెండో బేసులో ఒక పిల్ల, మూడో బేసులో ఒక పిల్ల. బ్యాట్ పట్టుకున్నది గంగామణి — సన్నగా, పొడుగ్గా, హెల్మెట్ కింద నుంచి జడ వేలాడుతూ. కొట్టింది. ఎట్లా కొట్టిందని! బంతి నా తల మీదుగా పోయి, గీత దగ్గర పడింది.

గీతకి బయట పడిందని నేను ఫౌల్ అని అరిచాను. అంతే, ఆట ఆగిపోయింది. అప్పటికే హోమ్ ప్లేట్ తొక్కి పరుగు పూర్తి చేసిన పిల్ల తల వంచుకుని వెనక్కి నడిచింది. బంతి వెంట ఉరుకుతున్న పిల్ల నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడింది.

గంగామణి ఒక్కతే ఆగలేదు. "లోపల్నే పడ్డది మేడం! నేను సూసిన!" అని ఒర్రింది.

వాళ్ళ పీఈటీ పోశెట్టి సార్ ఉరుక్కుంటూ వచ్చాడు. "మేడం, నాక్కూడ లోపల పడ్డట్టే కనవడ్డది. జర ఆలోచన చెయ్యుండ్రి."

"నేను చూసిన సార్. బయటనే."

తర్వాతి బంతికి గంగామణి బ్యాట్ గాలిలో తిరిగింది. అవుట్. మ్యాచ్ అయిపోయింది. గెలిచింది మంచిర్యాల జట్టు, అంటే మా జిల్లా జట్టు.

అందరూ భోజనాలకి పోయాక ఒక్కదాన్నే పోయి చూశాను... లోపలే పడింది.

నవంబర్ 18, సాయంత్రం

గీతల సంగతి రాసి పెట్టుకోవాలి. రేపు నాకు నేనే అబద్ధం చెప్పుకోకుండా.

మాకున్నది ఒక్కటే గ్రౌండ్. కబడ్డీకి అదే, ఖోఖోకి అదే, బేస్‌బాల్‌కీ అదే. అన్నిటికీ అదే సున్నం. పద్నాలుగో తారీకున పిల్లల పండుగ పరుగు పందేలకి గీతలు గీసింది నేనే, ఈ చేతుల్తోనే. టోర్నమెంట్ మొదలు కాకముందే చెరిపెయ్యాల్సింది. ఏమవుతుందిలే అనుకున్నాను. బద్ధకం, ఇంకేం కాదు. మూడో బేసు దాటాక అసలు గీత రెండు రోజుల తొక్కుడికి మాసిపోయి ఉంది. దానికి లోపలి వైపు, రెండు జానల దూరంలో నా పరుగు పందెం గీత తెల్లగా కనిపిస్తోంది. కళ్ళు తెల్లగా ఉన్నదాన్నే పట్టుకున్నాయి.

పొద్దున నీళ్ళు చల్లిన మట్టి. బంతి పడ్డచోట గుంట స్పష్టంగా ఉంది. రెండు గీతల మధ్య. పరుగు పందెం గీతకి బయట, అసలు గీతకి లోపల. అంటే ఫెయిర్. గంగామణి చెప్పిందే నిజం.

ఇంకో సంగతి ఉంది. ఇవాళ రాయలేను.

నవంబర్ 19, బుధవారం

పొద్దున్నే చీపురు తీసుకుని పరుగు పందెం గీతలన్నీ ఊడ్చేశాను. ఊడుస్తుంటే వెనక నుంచి ఎవరో చూస్తున్నట్టే ఉంది. తిరిగి చూస్తే ఎవరూ లేరు. రెండు మేకలు.

పోశెట్టి సార్ జట్టుని తీసుకుని పోయే ముందు స్కోరు కాగితం మీద సంతకానికి వచ్చాడు. నేను పెట్టిన సంతకం గడి దాటి పోయింది. ఆయన చూడలేదు. లేదా చూసీ ఊరుకున్నాడు.

"పదో తరగతి మేడం గంగామణి. వచ్చే యేడు వయసు దాటుతది. స్టేట్ ఆడితే స్పోర్ట్స్ హాస్టల్ల సీటొస్తుండె. ఇగ ఏమున్నది... వాళ్ళ బాపు మస్కట్ల ఉంటడు, అవ్వ బీడీలు జేస్తది. నిజామాబాద్ల బట్టల దుకాణంల పెడ్త అంటున్నది పిల్లను."

నిష్ఠూరంగా అన్నాడా? లేదు. మామూలుగానే అన్నాడు. అందుకే భయం వేసింది.

ఫైనల్ ఆడిన రెండు జట్ల నుంచే స్టేట్ ట్రయల్స్‌కి పేర్లు పోతాయి. శనివారం సాయంత్రం నాలుగింటికి లిస్టు మూసేస్తారు. ఈ రూల్ ఎవరు పెట్టారో వాళ్ళ నోట్లో ఇంత సున్నం కొట్టాలనిపిస్తోంది. అయినా గీసింది వాళ్ళా? నేను.

ఫైనల్‌లోనూ మూడో బేసు నాకే వేశారు. ఒక బంతి గీతకి బారెడు బయట పడింది. నా చెయ్యి లేవలేదు. గొంతు రాలేదు. హెడ్ అంపైర్ లక్ష్మయ్య సార్ హోమ్ ప్లేట్ దగ్గరి నుంచే అరిచాడు. ఆట అయ్యాక పక్కకి పిలిచి తిడతాడనుకున్నాను. తిట్టలేదు. "ఇయ్యాల జర తడబడ్డవ్ గని, నిన్న మాత్రం మంచిగ నిలబడ్డవ్. ఆ పిల్ల గంత ఒర్రినా జంకలే. గట్లుండాలె" అన్నాడు.

నాకు అంపైరింగ్ నేర్పింది ఈయనే. ఆరేళ్ళుగా ఈ ఒక్క మెచ్చుకోలు కోసం ఎదురు చూశాను.

నవంబర్ 20, గురువారం

రాస్తాను. రాయకపోతే అన్నం దిగేట్టు లేదు.

ఆ గుంటని కాలితో చెరిపేశాను.

మంగళవారం, భోజనాల వేళ. చూశాను, అర్థమయ్యింది. ఆ వెంటనే కాన్వాస్ బూటుతో అటూ ఇటూ రుద్దాను. మూడు సార్లో నాలుగు సార్లో. ఆలోచించి చేసింది కాదు అని రాయబోయాను... ఆలోచించాను. చుట్టూ చూసి మరీ రుద్దాను.

ఈ బడిలో పీఈటీగా నాది అవుట్‌సోర్సింగ్ కొలువు. ప్రతి జూన్‌లో మళ్ళీ తీసుకుంటేనే ఉంటుంది. పైగా గెలిచింది మా జిల్లా జట్టు. సొంత జిల్లా కోసం చేసింది అంటారు. పొరపాటున తప్పుగా చూసింది అని ఎవరంటారు? ఆ రుద్దిన కాలే సాక్ష్యం చెబుతుంది.

అదే సాయంత్రం

అంపైరింగ్ పుస్తకం తీశాను. ఆరేళ్ళ కింద లక్ష్మయ్య సార్ ఇచ్చింది, అట్ట ఊడిపోయింది.

బంతి లోపల పడితే అంపైర్ అరవకూడదు. చెయ్యి లోపలికి చూపించి ఊరుకోవాలి. బయట పడితేనే రెండు చేతులూ లేపి అరవాలి. ఎందుకంటే ఆ అరుపుతో ఆట ఆగిపోతుంది. లోపల అనుకున్నది బయట అని తేలితే అందరినీ వెనక్కి పంపొచ్చు, తేలిక. బయట అని అరిచాక లోపల అని తేలితే మాత్రం చిక్కు. అప్పటికే ఆగిపోయిన పిల్లలు ఎక్కడిదాకా ఉరికేవాళ్ళో ఎట్లా తేలుస్తావు, ఎక్కడ నిలబెడతావు? అందుకే సార్ మొదటి రోజే చెప్పాడు, "అనుమానమొస్తే నోరు మూస్కో, బంతి పోనియ్యి" అని.

పాత పద్ధతిలో ఒకసారి ఫౌల్ అంటే ఇక ఫౌలే. ఇప్పుడు కొన్ని చోట్ల అంపైర్లు నలుగురూ ఒకచోట చేరి మాట్లాడుకుంటారు, తప్పైతే తప్పని చెప్పి, ఎవరు ఎక్కడిదాకా చేరేవాళ్ళో లెక్క కట్టి నిలబెడతారు. నేను ఆ నిమిషంలో లక్ష్మయ్య సార్‌ని పిలిచి ఉంటే? "సార్, నాకు రెండు గీతలు కనిపించినయ్" అని ఒక్క ముక్క. మూడో బేసు పిల్ల అప్పటికే హోమ్ ప్లేట్ చేరింది, ఆ పరుగు ఎట్లాగైనా వచ్చేదే. స్కోరు సమానం. రెండో పిల్ల సంగతి దేవుడికే తెలుసు. భైంసా వాళ్ళు గెలిచేవాళ్ళు అని నేను చెప్పలేను. ఆ తర్వాతి బంతికి ఓడేవాళ్ళు కాదు అని మాత్రం చెప్పగలను.

పిలవలేదు. పోశెట్టి సార్ అడిగితే కూడా పిలవలేదు. అక్కడిదాకా నాది తప్పు చూపు. అక్కడి నుంచి నాది అబద్ధం.

నవంబర్ 21, శుక్రవారం

ఏడో తరగతి పిల్లలకి డ్రిల్ చేయిస్తుంటే ఫోన్. పోశెట్టి సార్ నంబరు. తెలిసిపోయింది అనుకున్నాను. ఎత్తితే ఆడపిల్ల గొంతు.

"మేడం... నేను గంగామణిని. మొన్న మీ మీద ఒర్రిన. సారీ మేడం."

పిల్లల వైపు వీపు తిప్పాను.

"అంపైర్ మీద గట్ల ఒర్రద్దని సార్ కోపం జేసిండు. నేనే తప్పు సూసిన మేడం. ఎండ కండ్లల్ల కొట్టింది గావొచ్చు. మీరు గక్కడ్నే నిలవడ్డరు గద, మీకే మంచిగ కనవడ్తది."

అప్పుడు చెప్పాల్సింది. సరిగ్గా అప్పుడు. నేనేమన్నానో తెలుసా?

"పర్వాలేదు బిడ్డా" అన్నాను.

క్షమించాను! నేను, ఆ పిల్లని!

ఫోన్ పెట్టేశాక ఏడో తరగతి వాళ్ళు ఇంకా చేతులు పైకెత్తే ఉన్నారు. దించమని చెప్పడం మరిచిపోయాను.

మధ్యాహ్నం తర్వాత

మా ఆయన బొగ్గుగనిలో మొదటి షిఫ్ట్ దిగి వచ్చాడు. ఒంటి నిండా బొగ్గు. పెరట్లో నీళ్ళు పోసుకుంటూ, "ఏందే, మూడు దినాలసంది కూరల ఉప్పు లేదు. నా మీదేమన్న కోపమా?" అన్నాడు.

చెప్పేశాను. గీతలు, అరుపు, ఫోన్. ముందు తేలిగ్గానే తీసుకున్నాడు. "ఊకో. ఆట గద. ఆటల తప్పులు పోవా?" అన్నాడు. అప్పుడు కాలు సంగతి చెప్పాను.

చెంబు కింద పెట్టాడు.

"చెరిపినవా? కావాలనే?"

"భయమైంది."

తల తుడుచుకుని నా పక్కన మెట్టు మీద కూర్చున్నాడు. "మా షిఫ్ట్ మీద సర్దార్ ఉంటడు గద, పని షురువయ్యేముందు గని పైకప్పు తట్టి సూస్తడు. మంచిగున్నది అని సుద్దతోని గుర్తు పెడ్తడు. గా గుర్తు సూసి మేం కింద కూసుంటం. ఒకపారి తప్పు పెట్టిండు. మేమంత లోపటికి పోయినంక సోయికొచ్చింది. ఉరికొచ్చి ఒర్రిండు — బయటికి రాండ్రి, నాదే తప్పు, అని. మస్తు మంది నవ్విండ్రు ఆయన మీద. గిప్పటికీ నవ్వుతరు."

"మరి పైకప్పు పడ్డదా?"

"పడలే. ఏడేండ్లాయె, ఇంక పడలే. అయినా గా సర్దార్ ఉన్న షిఫ్ట్ అంటె నాకు ఫికర్ ఉండదు."

తర్వాత లేచి అన్నం పెట్టుకున్నాడు. ఉప్పు ఆయనే వేసుకున్నాడు.

నవంబర్ 22, శనివారం

మూడు సార్లు రాసి చింపాను. మూడింట్లోనూ గీతలున్నాయి, సున్నం ఉంది, ఎండ కూడా ఉంది. కాలు లేదు.

నాలుగోసారి కాలు ముందు రాశాను.

పది గంటల బస్సుకి మంచిర్యాల. లక్ష్మయ్య సార్ ఇంటికి. కాగితం చదివాడు, అద్దాలు తీశాడు, మళ్ళీ పెట్టుకుని చదివాడు.

"గిది ఎవలకన్న సూపించినవా?"

"లేదు సార్."

"సూపియ్యకు. ఇరువై యేండ్ల సంది నిలవడుతున్న. నా తప్పులు నాకు తెల్వదా? ఒక్కటి గూడ తిరగతోడలే. ఫౌల్ అన్నంక అయిపాయె. ఇయ్యాల నువ్వు షురువు జేస్తివనుకో, రేపు ప్రతి ఓడిన జట్టు కాగితం పట్టుకొని వస్తది. అంపైర్ మాటకు ఇలువ ఉంటదా?"

ఆ మాట నిజం కాదని అనలేను. అందుకే ఇంకా భయం.

"సార్, మీరెప్పుడన్నా కాలితో చెరిపిండ్రా?"

చాయ్ కప్పు పెదాల దాకా పోయి ఆగింది. కప్పు కింద పెట్టి, కాగితం మడిచి నా చేతిలో పెట్టాడు. "లిస్టు నాలుగింటికి పోతది. నేనైతే నీ యెంట రాను" అన్నాడు. గేటు దాకా మాత్రం వచ్చాడు. గేటు వేస్తూ, "నీళ్ళు తాగి పో, ఎండ గొడుతున్నది" అన్నాడు.

సెలక్షన్ ఆఫీసు వరండాలో మూడుంపావు నుంచి నిలబడ్డాను. రెండుసార్లు గేటు దాకా వెనక్కి వచ్చాను. మూడు నలభైకి లోపలికి పోయాను. పోయానా, కాళ్ళే తీసుకుపోయాయా, తెలియదు.

గుమాస్తా: "దేని గురించి మేడం?"

"ఒక బంతి గురించి."

ఆయన నన్ను కింది నుంచి పైదాకా చూసి, కాగితం మీద ముద్ర కొట్టాడు.

ఆ పిల్లని గెలిపించమని రాయలేదు. మ్యాచ్ మళ్ళీ ఆడించమనీ రాయలేదు, ఆడించలేరు. ట్రయల్స్‌లో ఒక్కసారి చూడండి, అంతే రాశాను. ఇకనుంచి అంపైర్‌కి తన పిలుపు మీద అనుమానం వస్తే తర్వాతి బంతి వెయ్యకముందే తోటివాళ్ళని పిలిచే వీలు ఉండాలని, పిలిచినందుకు చిన్నచూపు చూడొద్దని కూడా రాశాను. ఆ చివరి ముక్క ఒక్క కొట్టివేత లేకుండా రాశాను. అదొక్కటే.

నవంబర్ 23, ఆదివారం

ఫోన్ మోగలేదు. మోగనందుకూ భయమే.

నవంబర్ 24, సోమవారం

హెడ్మాస్టర్ గారు ప్రార్థన అయ్యాక నన్ను చూసి మొహం తిప్పుకున్నారు. తెలిసినట్టుంది. స్టాఫ్ రూంలో నేను పోగానే మాటలు ఆగిపోతున్నాయి. ఇవాళ రెండుసార్లు. ఉత్త అనుమానమేమో. సున్నం సంచి పక్కన కూర్చుని టిఫిన్ తిన్నాను.

నవంబర్ 25, మంగళవారం

పోశెట్టి సార్ ఫోన్. ఈసారి ఆయనే.

"కాగితం సంగతి దెల్సింది మేడం."

"సార్..."

"నేను మీకు దండం బెట్టి అడిగిన. గప్పుడు ఒక్క మాటంటే అయిపోతుండె. ఇప్పుడంటే ఏమొస్తది? నేను గా పిల్లతోని మీకు సారీ జెప్పించిన మేడం! నేను! అది ఏడుస్తుంటె ఫోను చేతిల పెట్టి జెప్పించిన!"

తిట్టాడు. ఇంకా తిట్టాడు. వింటూ నిలబడ్డాను. తర్వాత అటువైపు ఏదో సందడి, ఫోన్ చేతులు మారింది.

"మేడం." గంగామణి. "అయితే లోపల్నే పడ్డదా?"

"లోపలే పడింది బిడ్డా. నువ్వు చూసిందే నిజం."

ఊపిరి వినిపిస్తోంది.

"గా దినం సంది నేను గా దిక్కు కొడ్తలేను మేడం. గీత నాకు కనవడతలేదేమో అనుకున్న."

పెట్టేసింది.

ఏడ్చాను. స్టాఫ్ రూం తలుపు తీసే ఉంది, చూస్తే చూడనీ అని ఏడ్చాను.

నవంబర్ 26, బుధవారం

ఆఫీసు నుంచి కబురు వచ్చింది. రేపు పదకొండింటికి రమ్మన్నారు. లిస్టులో ఒక పేరు చోటు ఖాళీగా ఉంచి పంపారట, రేపటి దాకా. పోశెట్టి సార్, గంగామణి కూడా వస్తున్నారు. లక్ష్మయ్య సార్‌ని కూడా పిలిచారు.

ఆ కబురు కాగితంలో ప్రశ్నల కింద ఎర్ర గీత కొట్టి పంపారు. 'బంతి లోపల పడిందనడానికి ఆధారం ఏమిటి? ఎవరి ఒత్తిడితోనైనా ఈ లేఖ రాశారా?'

అంటే భైంసా వాళ్ళు నన్ను కొనేశారని అనుమానం. మొన్న మా జిల్లా కోసం చేశానంటారేమో అని భయపడ్డాను. ఇప్పుడు ఇటు నుంచి వచ్చింది.

సాయంత్రం బడి విడిచాక గ్రౌండ్‌లోకి పోయాను. మూడో బేసు ఉన్నచోట నిలబడ్డాను. పరుగు పందెం గీత నేనే ఊడ్చేశాను, అసలు గీత పిల్లల కాళ్ళకి పోయింది. వంగి చేత్తో తడిమి చూశాను, ఏమైనా మిగిలిందేమో అని. ఎండిన మట్టి. నున్నగా ఉంది.

ఆధారం ఒక్కటే ఉండేది, అరచేతిలో పట్టేంత గుంట. అది చెరిపేశాను. రేపు ఆ పిల్లకి ఉన్నదల్లా నా మాటే. అబద్ధం చెప్పిన రోజు నా ఒక్క మాటకి గ్రౌండంతా ఆగిపోయింది. రేపు ఆ ఆఫీసులో వాళ్ళు ఒక్క నిమిషం ఆగి వింటారా?

బస్సు ఏడున్నరకి. మా ఆయన రెండో షిఫ్ట్‌కి మార్పించుకున్నాడు, బస్టాండ్ దాకా వస్తానంటున్నాడు. కాన్వాస్ బూట్లు ఉతికి ఆరేశాను. అవే వేసుకుని పోతాను.